ఎనిమిది వందల ఎనభై ఒకటో రోజు

మొదట్లో అతని చేతిలో ఉన్నవి పదకొండు రాత్రులు.

టెలిస్కోప్ సమయాన్ని పంచే కమిటీ ఆ ఏడు నూట నలభై దరఖాస్తులు చదివి, పందొమ్మిది మందికి మాత్రం రాత్రులిచ్చింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాని పరిశోధకుడికి పదకొండు రావడమంటే మాటలు కాదు. రాత్రికి ఎనిమిది గంటల గట్టి చీకటి చొప్పున ఎనభై ఎనిమిది గంటలు. రాత్రికొక ప్లేటు, ప్లేటుకి ఆరువందల నలభై రంధ్రాలు, వెరసి ఏడువేల నలభై. ఈ లెక్కంతా అతను కాగితం చేతికందిన నిమిషంలోనే మెట్ల మీద నిలబడి వేసేశాడు.

ప్లేటంటే భోజనం బల్లంత వెడల్పున్న అల్యూమినియం రేకు. ఆ రాత్రి చూడబోయే ఆకాశం ముక్కలో గెలాక్సీలు ఎక్కడెక్కడ ఉన్నాయో, సరిగ్గా అక్కడక్కడ దానికి రంధ్రాలు పొడుస్తారు. ఒక్కో రంధ్రంలో వెంట్రుక కంటే కాస్త లావుగా ఉండే గాజుతీగ దూర్చాలి. రాత్రికి ఒక్కో గెలాక్సీ వెలుగు ఒక్కో తీగలోంచి జారి కింది గదిలోని స్పెక్ట్రోగ్రాఫ్ అనే యంత్రంలో పడుతుంది. అక్కడ దాన్ని రంగులుగా విడదీస్తే, ఆ గెలాక్సీ ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది. ఆరువందల రంధ్రాలు గెలాక్సీలకి, మిగిలిన నలభై ఏమీ లేని చోట్లకి. ఖాళీ ఆకాశానికి కూడా ఎంతో కొంత వెలుగుంటుంది. దాన్ని కొలిచి మిగతావాటిలోంచి తీసెయ్యాలి. ఏ రంధ్రం ఏ గెలాక్సీదో చెప్పే జాబితా ప్లేటుతో పాటు అతనే పంపుతాడు.

తీగలు దూర్చే పని పగటిపూట జరుగుతుంది, చేత్తోనే. ఆ పని అతని అక్కది.

అక్క అతని కంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక అతనికి అన్నం పెట్టింది, ఎక్కాలు నేర్పింది, చెవి మెలిపెట్టింది ఆవిడే. అతన్ని "లెక్కల మాస్టారూ" అని పిలిచేది. ప్లేటు గదిలో ఎత్తు స్టూలు మీద కూర్చుని, తీగకి ఏడు సెకన్ల చొప్పున గంటా పావులో ప్లేటు పూర్తి చేసేది. ఆవిడ చేతిలో తీగ విరగడం పదేళ్ళలో మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ ఆవిడే రిజిస్టర్లో రాసుకుంది.

అక్క మాట ఆలస్యంగా చేరేది. పెదవులు కదిలినప్పుడు ఏమీ వినపడేది కాదు. ఆ మాట తర్వాతెప్పుడో, ఆవిడ అన్నచోటే, ఆవిడ గొంతుతోనే వచ్చేది. చిన్నప్పుడు ఆ ఆలస్యం ఒక తుమ్మంత. బడిలో హాజరు పిలిచే మాస్టారు ఆవిడ పేరు దాటి ఇద్దర్ని పిలిచాక, "వచ్చానండీ" అని వినపడితే వెనక్కొచ్చి టిక్కు పెట్టేవాడు. ప్లేటు గదిలో చేరేసరికి ఆలస్యం పూటకి పెరిగింది. టీ కావాలా అని పొద్దున అడిగితే, సాయంత్రం అందరూ తాళాలు వేస్తుంటే "చక్కెర తక్కువ వెయ్యండి" అని వినపడేది. ఎవరికీ అది వింత కాదు. ఒకరికి ఎడమచేతి వాటం, ఒకరికి చలికి పడదు, ఈవిడకి మాట ఆలస్యం. తొందర విషయాలు చీటీ మీద రాసి ఇచ్చేది.

తమ్ముడు ఏడో ఏట నుంచీ ఆ ఆలస్యాన్ని నోటుబుక్కులో రాసేవాడు. మొదట నెమ్మదిగా పెరిగింది. చివరి పదేళ్ళూ మాత్రం నాలుగు రోజులకి ఒక రోజు చొప్పున, గీత గీసినట్టు పెరిగింది. దాంతో ఆవిడ నాలుగు గంటల్లో మాట్లాడింది వినడానికి ఐదు గంటలు పట్టేది. గొంతు కూడా ఆ మేరకే సాగి, కాస్త బరువుగా వచ్చేది. దూరం జరిగిపోయే గెలాక్సీల వెలుగు ఎర్రబడటం ఎలాగో విద్యార్థులకి చెప్పాల్సి వస్తే, అతను బల్లల మధ్య చెయ్యి చాపి, "మా అక్క గొంతు వినలేదా?" అనేవాడు. వాళ్ళకి వెంటనే అర్థమయ్యేది.

పదకొండు రాత్రుల్లో రెండు మబ్బులకి పోయాయి. మిగిలినవి తొమ్మిది. వాటిలో చివరి ప్లేటు అన్నిటికన్నా ముఖ్యం. దాని నిండా ఒకే గెలాక్సీల గుంపు. ఆ గుంపు నడిబొడ్డు కోసమే అతను మూడేళ్ళు దరఖాస్తులు పెట్టాడు.

ఆ మధ్యాహ్నం అక్క చీటీ పంపింది. "మూడు వందల పన్నెండో వరస దగ్గర నువ్విచ్చిన జాబితాలో ఒక గడి ఖాళీగా ఉంది. అక్కణ్ణించి కిందదంతా ఒకటి జారింది. స్కేలు పెట్టి చూశాను. ప్లేటు టెలిస్కోప్ మీదికి ఎక్కించకు, జాబితా సరిచేసి పంపు."

జాబితా సరిచేసి, ఆరువందల నలభై వరసలూ మళ్ళీ సరిచూడాలంటే రెండు గంటలు. ఆకాశం ఆ వారంలో మొదటిసారి అద్దంలా ఉంది. రెండు రాత్రులు పోగొట్టుకున్న మనిషికి రెండు గంటలంటే నోట్లో ముద్ద లాక్కున్నట్టే. తీగలు రంధ్రాల్లో సరిగ్గానే ఉన్నాయి, పేర్లు కదా జారింది, తర్వాత కంప్యూటర్లో ఒక్క గడి జరిపితే సరిపోతుంది అనుకున్నాడు. చీటీ చొక్కా జేబులో పెట్టుకుని ప్లేటు పైకి పంపాడు.

తర్వాత జరిపాడు కూడా. పైకి జరపాల్సింది కిందికి జరిపాడు. ఒకటి జారింది కాస్తా రెండైంది. మూడు వందల ఇరవై తొమ్మిది వరసల్లో ఒకదాని వేగం ఇంకొకదానికి అంటుకుంది.

ఫలితం చూసి అతను కుర్చీలోంచి లేచాడు. గుంపులోని గెలాక్సీలు ఒకదాన్నొకటి పట్టి ఉంచుకోవాల్సింది పోయి, చెల్లాచెదురుగా పారిపోతున్నట్టు కనిపించాయి. ఆరుసార్లు లెక్క చూశాడు. ఆరుసార్లూ జరిపిన జాబితాతోనే చూశాడు. పరిశోధన పత్రం అచ్చయింది. రెండు పెద్ద సభలు పిలిచాయి. కొత్త స్పెక్ట్రోగ్రాఫ్ రూపకల్పన అతనికే అప్పజెబుదామన్న మాట నడిచింది. ఏడాదిన్నర తర్వాత వేరే దేశం వాళ్ళు అదే గుంపుని మళ్ళీ కొలిచి, ఏమీ పారిపోవడం లేదనీ, అన్నీ ఎక్కడివక్కడ శుభ్రంగా తిరుగుతున్నాయనీ రాశారు.

అప్పుడు విచారణ. పై అంతస్తులో కొండ వైపు కిటికీ ఉన్న చిన్న మీటింగు గదిలో, ఉదయం పదకొండింటికి.

అప్పటికి అతనికి తన తప్పు తెలుసు. ముందు రోజు సాయంత్రమే చీటీ తీసి, జాబితా పక్కన పెట్టుకుని, వేలితో వరసలు లెక్కపెట్టి చూసుకున్నాడు. నెలాఖరుకి ఉద్యోగం ఖాయం చేసే కాగితం రావాలి. చీటీ మళ్ళీ మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

"తీగలు తప్పు రంధ్రాల్లో దూర్చి ఉండొచ్చు కదా," అన్నాడు కమిటీలో ఉన్న, టెలిస్కోప్ అద్దాల పని చూసే ఇంజనీరు. ఎవరి మీదా కోపంతో అన్నది కాదు. అలా అయితే అందరికీ సులువు.

అక్క ముందు తెల్లకాగితం పెట్టారు. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో వెనక్కి జరిపింది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలు పెదవులు కదిలాయి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నలుగురూ మర్యాదగా వింటున్నట్టు కూర్చున్నారు. పెదవులు చూసి సగం మాట పట్టుకోవడం తమ్ముడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. అందుకే ఆ నాలుగు నిమిషాలూ అతను బల్ల మీది గీతల్నే చూస్తూ ఉన్నాడు.

"ఇది ఎప్పటికి చేరుతుంది?" అని అడిగాడు సంస్థ డైరెక్టరు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

"ఎనిమిది వందల ఎనభై ఒకటో రోజున సార్," అన్నాడు తమ్ముడు.

"అన్నాళ్ళు ఫైలు తెరిచి ఉంచలేం కదయ్యా."

మినిట్స్ రాసే గుమాస్తావిడ "జవాబు అందలేదు" అని రాసుకుంది. ఆ నెలతో అక్క కాంట్రాక్టు ఆగిపోయింది. ఆ నెలాఖరునే అతని ఉద్యోగం ఖాయమైంది.

ఉద్యోగంతో పాటు అక్కకి ఆసుపత్రి కార్డు కూడా పోయింది. తమ్ముడి కార్డు మీద భార్యకి చోటుంది, పిల్లలుంటే వాళ్ళకీ ఉంటుంది, అక్కకి లేదు. ఆయాసం వస్తే వంటింటి గడప పట్టుకుని నిలబడేది. "తగ్గిపోతుంది" అని చీటీ రాసేది. ఎనిమిది నెలలకి ఒక ఆదివారం పొద్దున బట్టలు ఆరేస్తూ పోయింది. ఆ ఎనిమిది నెలల్లో విచారణలో ఏం చెప్పావని తమ్ముడు అడగలేదు. ఆవిడా చీటీ రాయలేదు.

*

మనిషి పోయినా మాటలు వస్తూనే ఉన్నాయి.

పొద్దున వంటింట్లో, సాయంత్రం వరండాలో, రెండేళ్ళ పైచిలుకు కిందటి అక్క మాట్లాడుతూనే ఉంది. పాలు పొంగుతున్నాయనీ, మోటారు ఆపమనీ, పక్కింటివాళ్ళ కుక్క చెప్పు ఎత్తుకుపోయిందనీ. అతని భార్య మందుల షాపులో పని చేస్తుంది. ఆవిడ ఆ మాటలకి ఊ కొడుతూనే వంట చేసుకునేది. ఒకసారి అతను వేరే ఇంటికి మారదామన్నాడు.

"ఇంకా ఎన్నాళ్ళ మాటలున్నాయి వదినవి?" అని అడిగింది భార్య.

"మూడు వందల డెబ్భై రోజులవి."

"అయితే అవి అయ్యాక చూద్దాం. వదిన ఖాళీ ఇంట్లో మాట్లాడుతుంటే మనం ఎక్కడికి పోతాం."

ఇది జరిగి డెబ్భై రోజులైంది.

ఇవాళ పొద్దున ఆరూ పదికి, పొయ్యి పక్కనుంచి సాగిన ఆ బరువు గొంతు వచ్చింది. "లెక్కల మాస్టారూ, పెన్ను పెట్టుకున్నావా? అక్కడికెళ్ళి ఎవర్నీ అడుక్కోకు."

అతను రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. విచారణ రోజు, పొద్దున ఏడింటికి, అక్క ఇక్కడే నిలబడి పెదవులు కదిపింది. అతను తల వంచుకుని బూట్లు కట్టుకున్నాడు. ఏడు నుంచి పదకొండుకి నాలుగు గంటలు. అవి సాగి ఐదవుతాయి. ఆరూ పదికి ఐదు కలిపితే పదకొండూ పది.

"ఇవాళేనా?" అంది భార్య.

"ఇవాళే."

"నేనూ రానా? షాపులో పూట సెలవడుగుతా. వదిన ఏం చెప్పిందో విందాం."

"వద్దు. నువ్వెందుకు అక్కడికి."

"ఎందుకేంటి? అంత పెద్దవాళ్ళ ముందు కూర్చుని ఏం మాట్లాడిందో వినాలనుంది." ఆవిడ అతని మొహం వైపు చూసింది. "నువ్వు తెల్లబోయావేం?"

"నిద్ర చాల్లేదు."

 ఆవిడ టీ గ్లాసు కాస్త గట్టిగా పెట్టింది.

అతను చెయ్యాల్సిందంతా ముందే చేసి పెట్టాడు. గదుల రిజిస్టర్లో ఇవాళ్టి తేదీ మీద మూడు నెలల కిందటే రాశాడు: చిన్న మీటింగు గది, తొమ్మిది నుంచి ఒంటిగంట, లేజర్ పరీక్ష, లోపలికి ఎవరూ రాకూడదు. తాళం చెవి జేబులో ఉంది. ఆ నాలుగు నిమిషాలు, సాగితే ఐదు, అతనొక్కడే విని బయటికి రావచ్చు. ఆ తర్వాత ఆ మాట ఇంకెప్పటికీ ఎవరికీ వినపడదు.

పదిన్నరకి ఇంకో గదిలో ఇంకో విచారణ ఉంది. దానికి అతను అధ్యక్షుడు. ఇప్పుడు పరికరాల విభాగానికి పెద్ద అతనే.

ఆ విచారణ సూది మీద. సూది అంటే ప్లేటు గదిలో అక్క స్టూలు మీద ఇప్పుడు కూర్చునే మనిషి. దర్జీ షాపు నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు. నలభైకి దగ్గర పడుతోంది. ఇంట్లో మంచం పట్టిన భర్త. పని నేర్పేవాళ్ళెవరూ లేక, ప్లేటు గదిలో వచ్చే గొంతు విని నేర్చుకుంది. "తీగని మెడ దగ్గర పట్టుకోకు, నడుం దగ్గర పట్టుకో." "ముందు అంచులు, తర్వాత మధ్య." అక్క అవన్నీ పని చేస్తూ తనలో తను అనుకున్న మాటలు. సూది వాటిని అట్టల మీద రాసి గోడకి అంటించుకుంది. అక్కని ఆవిడ ఎన్నడూ చూడలేదు. అయినా గదిలోకి అడుగుపెట్టగానే "వచ్చానక్కా" అనేది. అక్క కాంట్రాక్టు ఆగిన నాటి మాటలు ఇంకో నెలలో చేరతాయి. ఆ తర్వాత ప్లేటు గదిలో గొంతు ఉండదు. సంగతి తెలిసినా సూది ఆ ఊసు ఎత్తేది కాదు.

ఆవిడ మీద నేరం ఇది: ఆరువందల నలభై తీగల్లో యాభై ఎనిమిదింటిలో వెలుగు మూడో వంతు తగ్గింది. దూర్చేటప్పుడు వంచేసిందని రాశారు.

అవి వంచితే పాడైనవి కావని అతనికి పదిహేను రోజులుగా తెలుసు. తీగల చివర్లని పట్టి ఉంచే కొత్త అల్యూమినియం పట్టీ అతను గీసిందే. నూరు మిల్లీమీటర్ల పొడవు. పగటికీ రాత్రికీ ఇరవై డిగ్రీల తేడా. డిగ్రీకి పదిలక్షల్లో ఇరవై మూడు వంతుల చొప్పున ముడుచుకుంటే, మిల్లీమీటరులో వెయ్యో వంతులు నలభై ఆరు. బొమ్మలో అతను వదిలిన సందు ముప్పై. మిగిలిన పదహారూ గాజుని నొక్కేస్తాయి. ఒక కవరు వెనక ఈ లెక్క వేశాడు. కవరు సొరుగులో పెట్టాడు. సూది కాంట్రాక్టు ఎలాగూ ఏడాదిలో అయిపోయేదే అనుకున్నాడు.

పదీ ఇరవైకి అతను పై అంతస్తుకి వచ్చేసరికి చిన్న మీటింగు గది తలుపు బార్లా తీసి ఉంది.

గుమాస్తావిడ కుర్చీలు సర్దుతోంది. "పెద్ద గదిలో పైకప్పు కారుతోంది సార్. ఫైళ్ళన్నీ తడిసిపోయాయి. ఇక్కడికి మార్చేశాం."

"ఇక్కడ లేజర్ పరీక్ష ఉందని రిజిస్టర్లో రాశాను."

"చూశాను సార్. లేజర్ ఎక్కడా కనపడలేదు. అందుకే రెండో తాళం చెవితో తీశా."

"ఇంకాసేపట్లో తెస్తారు."

"ఒక గంట ఆగమనండి సార్, లేజర్‌కి ఆకలేస్తుందా ఏమన్నా."

అప్పటికే పెద్దాయన వచ్చి కిటికీ పక్క కూర్చున్నాడు. పెద్దాయనకి ఇప్పుడు వినికిడి తగ్గింది, చెవిలో మిషను పెట్టుకుంటాడు. అద్దాల ఇంజనీరు రెండో కుర్చీ. సూది తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతులు రెండూ సంచీ పిడి చుట్టూ.

"కూర్చోమ్మా," అన్నాడు పెద్దాయన. సూది కూర్చుంది. సరిగ్గా అక్క కూర్చున్న చోటే.

అతను గోడ గడియారం చూశాడు. పదీ ఇరవై ఎనిమిది. విచారణ నలభై నిమిషాల్లో అయిపోతే అందరూ వెళ్ళిపోతారు. అంత త్వరగా ముగించడమంటే ఆవిణ్ణి త్వరగా పంపించెయ్యడమే. అతనికి అది కూడా అర్థమైంది. అర్థమయ్యే మొదలుపెట్టాడు.

"ఫిర్యాదు చదివారు కదా. యాభై ఎనిమిది తీగలు. మీరేమంటారు?"

"నేను వంచలేదు సార్."

"మరెలా పాడయ్యాయి?"

"పొద్దున బాగానే ఉంటున్నాయి సార్. నేను దూర్చాక దీపం పెట్టి చూస్తాను, అన్నీ వెలుగుతాయి. తెల్లారి వచ్చి చూస్తే కొన్ని మసకబారి ఉంటాయి. రాత్రి ఏదో నొక్కుతోంది."

"రాత్రి ఎవరు నొక్కుతారు?" అన్నాడు అద్దాల ఇంజనీరు. "దయ్యాలా?"

"దయ్యాలకి అంత ఓపిక లేదు సార్. యాభై ఎనిమిదీ ఒకే వరసలో ఉన్నాయి. నా చెయ్యి తప్పయితే చెదురుమదురుగా ఉండాలి కదా. కొత్త పట్టీ కింద ఉన్నవే పోయాయి." సూది సంచీలోంచి అట్ట ఒకటి తీసింది. "ఇదిగో, ఏ తేదీన ఏది పోయిందో రాసుకున్నా. చలి ఎక్కువున్న రోజునే పోయాయి."

అద్దాల ఇంజనీరు అట్ట అందుకుని కళ్ళద్దాలు సర్దుకున్నాడు. అతను మాత్రం అట్ట వైపు చూడలేదు.

"అది తర్వాత చూద్దాం," అన్నాడు. "ఇక్కడ తెల్లకాగితం ఉంది. మీ జవాబు రాసిచ్చి వెళ్ళండి."

"నాకు రాయడం నెమ్మది సార్. నోటితో చెప్పేశాను కదా."

"రాసిందే జవాబు."

"రాయనివ్వవయ్యా, తొందరేముంది," అన్నాడు పెద్దాయన. గుమాస్తావిడ వైపు తిరిగి, "టీ చెప్పమ్మా అందరికీ" అన్నాడు.

టీ వచ్చేసరికి పదకొండూ రెండు. సూది ఒక్కో అక్షరం కుట్టినట్టు రాస్తోంది. పదకొండూ ఆరు. అతను లేచి కిటికీ మూసి, మళ్ళీ తెరిచాడు. "మధ్యాహ్నానికి వాయిదా వేద్దాం సార్," అన్నాడు. "ఎందుకు?" అన్నాడు పెద్దాయన. అతను మళ్ళీ గడియారం చూశాడు. పదకొండూ పది దాటింది.

"అయ్యా," అంది గది.

సూది పెన్ను ఆగిపోయింది. ఆ గొంతు ఆవిడకి గోడంత పరిచయం.

"అయ్యా, కాగితం మీద రాయమన్నారు. రాస్తే మీరు ఇప్పుడే చదువుతారు. అందుకే రాయడం లేదు. కోపం తెచ్చుకోకండి."

పెద్దాయన చెవిలో మిషను సరిచేసుకున్నాడు. గుమాస్తావిడ గొంతు తగ్గించి, "ఇది రాసుకోవాలా సార్? పాత మీటింగు కింద రాయాలా, ఇవాళ్టి దాని కిందా?" అని అడిగింది.

"పాతదాని కిందే," అన్నాడు పెద్దాయన. "తేదీ వేసుకో."

"తీగలు నేను సరిగ్గానే దూర్చాను. మూడు వందల పన్నెండో వరస దగ్గర జాబితా జారింది. చీటీ రాసి పంపాను. చీటీ వాడికి చేరింది. మర్నాడు చొక్కా ఉతికింది నేనే, జేబులో చూశాను, మళ్ళీ జేబులోనే పెట్టాను. ఆ తర్వాత వాడేం చేశాడో కూడా చూశాను. నాకు గెలాక్సీలు తెలియవు కానీ వరసలు తెలుసు. పైకి జరపాల్సింది కిందికి జరిపాడు. చిన్నప్పుడు కూడా ఎడమా కుడీ తడబడేవాడు. బూట్లు నేనే తొడిగేదాన్ని."

అద్దాల ఇంజనీరు అట్ట కింద పెట్టాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. చూడకపోవడం అతనికి బాగా తెలిసిన పని. ఈ గదిలోనే చేశాడు.

"ఈ నెలాఖరుకి వాడి ఉద్యోగం ఖాయం కావాలి. ఈ మాట ఇప్పుడు మీ చెవిన పడితే కాదు. వాడికి ఇంకే పనీ రాదండీ. ఒక బల్బు కూడా మార్చలేడు. అందుకని నోటితో చెబుతున్నాను. ఇది మీకు చేరేనాటికి వాడు స్థిరపడి ఉంటాడు. అప్పుడు తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోదు, మహా అయితే నాలుగు మాటలు పడతాడు. పడనివ్వండి. వాడు ఆ రోజు ఇక్కడికి వస్తాడు. వాడి లెక్క రోజు తప్పదు."

 గొంతు నాలుగేళ్ళ బడిపిల్లవాడి ముందు ఆగినట్టు ఆగింది.

"ఒరేయ్. వింటున్నావా? ఇప్పుడు నావైపు చూడట్లేదు నువ్వు. బల్ల మీద ఏముందని అలా చూస్తున్నావు? సర్లే. ఆ రోజు చూద్దువుగాని. నేను చెప్పేశాను కాబట్టి నువ్వు చెప్పనక్కర్లేదని అనుకోకు. నేను చెప్పింది నా లెక్క. నీది నువ్వు చెప్పాలి. పెన్ను పెట్టుకోమన్నది అందుకే."

అతని చెయ్యి తెలియకుండానే జేబు దగ్గరికి వెళ్ళింది. పెన్ను ఉంది.

"ఇంకొక్కటేనయ్యా. వాడు చెప్పేశాక నా పని నాకు ఇచ్చెయ్యండి. ఈలోగా ఇంకెవర్నయినా పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ నా స్టూలు ఎత్తు తగ్గించనివ్వకండి. ఆ ఎత్తుకి నా నడుం అలవాటు పడిపోయింది. రెండున్నరేళ్ళే కదా. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని వచ్చేస్తాను."

అంతే. ఫ్యాను చప్పుడు మళ్ళీ వినపడింది.

సూది అంది, "నేను తగ్గించలేదు సార్." ఎవరూ ఏమీ అడక్కుండానే అంది. "కాళ్ళు అందవు నాకు. కింద చెక్క పెట్టుకున్నా. స్టూలు ముట్టుకోలేదు."

పెద్దాయన టీ గ్లాసు మీద మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "ఎన్నో రోజన్నావయ్యా అప్పుడు?"

"ఎనిమిది వందల ఎనభై ఒకటి సార్."

"ఇవాళ ఎన్నో రోజు?"

"ఎనిమిది వందల ఎనభై ఒకటి."

"ఊ," అన్నాడు పెద్దాయన.  గుమాస్తావిడ పాత రిజిస్టరు తెరిచి, "జవాబు అందలేదు" అన్న వాక్యం మీద స్కేలు పెట్టి నిదానంగా ఒక గీత గీసి, పక్కన ఇవాళ్టి తేదీ వేసింది.

అతను పర్సు తీశాడు. మడతల దగ్గర చినుగుతున్న చీటీని విప్పి పెద్దాయన ముందు పెట్టాడు. సొరుగులో ఉన్న కవరు గుర్తొచ్చింది. అందులోని నలభై ఆరూ, ముప్పై, పదహారూ చూడకుండానే నోటికొచ్చు.

సూది ముందున్న కాగితం మీద రెండు వాక్యాలు పూర్తయి, మూడోది సగంలో ఉంది. అతను దాని మీద చెయ్యి వేసి, నెమ్మదిగా తన వైపు తిప్పుకున్నాడు.

"మీరు రాయక్కర్లేదు," అన్నాడు.

కుర్చీ ముందుకి లాక్కుని, పెన్ను మూత తీశాడు.